మడత పెట్టిన చీటీ

ల్యాబు కంప్యూటర్ మూడోసారి షాపుకొచ్చింది.

రక్తపరీక్షల రిపోర్టులు తీసే మిషన్ అది. ఆన్ చేసిన పది నిమిషాలకు పెనంలా కాలిపోయి, దానంతటదే ఆగిపోతోంది.

ల్యాబు యజమాని ఈసారి కేకలేయలేదు. మెకానిక్‌కు అదే ఎక్కువ భయమేసింది.

"ఐదింటికి వస్తాను. అప్పటికి నడుస్తుంటే సరే. లేకపోతే మా ఆరు మిషన్లూ ఎదురు షాపుకు పోతాయి," అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ ఆరు మిషన్ల పుణ్యమా అనే ఈ షాపు నడుస్తోంది. అవి పోతే ఇక షట్టర్ దించుకోవడమే.

అలాగని మెకానిక్ ఊరికే కూర్చున్నాడా? మొదటిసారి ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది పూశాడు. రెండోసారి దాని మీద కూర్చునే లోహపు దిమ్మనే, ఫ్యాన్‌తో సహా కొత్తది తెచ్చి బిగించాడు. ప్రాసెసర్ వేడిని దిమ్మ లాగేసుకోవాలి, రెంటి మధ్యా సందు లేకుండా పేస్టు సర్దుకోవాలి. ఇంతే కదా విద్య. అయినా తల ప్రాణం తోకకొస్తోంది.

ఇదివరకైతే ఇలాంటప్పుడు ఫోన్ సార్ ఉండేవాడు.

ఏడేళ్ళ కిందట పార్టుల షాపాయన ఇచ్చిన నంబరది. మొహం ఎన్నడూ చూడలేదు. ఫోన్ ఎత్తగానే "చెప్పు శిష్యా, ఈసారి దేన్ని చంపావు?" అనేవాడు. ఒక్కో మరా విప్పిస్తూ, తిడుతూ, నవ్విస్తూ, మిషన్ నడిచేదాకా ఫోన్ పెట్టేవాడు కాదు. ఒకసారి షాపుకు రమ్మంటే, నీ పని కళ్ళారా చూసి నా బీపీ పెంచుకోనా అనేవాడు.

రెండు నెలలుగా ఆ ఫోన్ స్విచ్ ఆఫ్.

ఆయనకూ విసుగొచ్చి నంబరు మార్చేశాడనుకున్నాడు మెకానిక్. మనసు చివుక్కుమంది. మళ్ళీ చేయలేదు.

ఇప్పుడు ఫ్యాన్ ఊడదీసి, దిమ్మ అడుగున పాత పేస్టంతా గుడ్డతో తుడిచాడు. తక్కువైందేమోనని ఈసారి గోడకు సున్నం మెత్తినట్టు మెత్తాడు.

ఎవరో బల్ల తట్టారు.

మెడకు మఫ్లర్ చుట్టుకున్న బక్కపల్చటి పెద్దాయన. గొంతు చూపించి, మాట రాదన్నట్టు చెయ్యి ఊపాడు. మెకానిక్ చేతిలోని దిమ్మ వంక కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

మెకానిక్ మళ్ళీ పనిలో తల దూర్చాడు. మరలు బిగిస్తుండగా ముక్కు కిందికి మడత పెట్టిన చీటీ ఒకటి వచ్చింది.

బస్సుల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు! మాట రాదంటారు, చీటీ పంచుతారు, చెయ్యి చాపుతారు. విప్పకుండానే చీటీని చెత్త డబ్బాలో పడేసి, సొరుగులోంచి ఒక నాణెం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"వెళ్ళు పెద్దాయనా, నా ఏడుపు నాకుంది."

పెద్దాయన నాణెం వంక చూశాడు. డబ్బా వంక చూశాడు. నాణెం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి మిషన్ ఆన్ చేస్తే, సరిగ్గా పది నిమిషాలకు మళ్ళీ ఆగిపోయింది.

మెకానిక్‌కు ముచ్చెమటలు పోశాయి. ఏం చేయాలో తోచక, పౌరుషం పక్కన పెట్టి ఫోన్ సార్ నంబరు నొక్కాడు. రింగయింది.

ఎత్తింది ఆయన భార్య. సార్‌కి ఒకసారి ఇవ్వమ్మా అని బతిమాలాడు.

"ఆయనకు గొంతు ఆపరేషనయింది నాయనా. ఇక మాట రాదు," అందావిడ. "అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం, ఇప్పుడే బస్సు కదిలింది. మళ్ళీ ఇటు రాం, నా శిష్యుణ్ణి ఒక్కసారి చూసి వస్తానని రాసి చూపించి, ఇందాక ఎవరిదో షాపుకు వెళ్ళొచ్చారు. అప్పట్నుంచీ ఒక నాణెం పట్టుకుని నవ్వుకుంటున్నారు. ఏమిటో నాకు చెప్పరు."

 మెకానిక్ చెత్త డబ్బా బోర్లించాడు. పేస్టు మరకల గుడ్డల మధ్య చీటీ దొరికింది.

"శిష్యా, కొత్త దిమ్మ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది పీకకుండా దాని మీదే పేస్టు పూస్తున్నావు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఫ్యాన్ విప్పాడు. తుడిచి, దిమ్మ అంచున గోరు పెట్టాడు. గాజులాంటి పొర చర్రుమని ఊడొచ్చింది. ఇందాక అంతలా తుడిచినా కనబడలేదు.

"ఈయన ఫోన్ పెట్టనివ్వడం లేదు నాయనా, మిషన్ నడవాలట," అందావిడ.

పేస్టు పప్పుబద్దంత పెట్టి, బిగించి, ఆన్ చేశాడు. పది నిమిషాలు. పదిహేను. ఇరవై. దిమ్మ గోరువెచ్చగా ఉందంతే.

"నడుస్తోందమ్మా, సార్‌కి చెప్పమ్మా," అన్నాడు.

"నువ్వు మాట్లాడు, వింటారు. చెవి దగ్గర పెట్టాను. అవునంటే ఒకసారి తడతారు, కాదంటే రెండుసార్లు."

ఏడేళ్ళు ఆయన మాటతో బతికిన మెకానిక్‌కు అడగడానికి ఒక్క మాటే దొరికింది.

"కోపం వచ్చిందా సార్?"

బస్సు రొదలోంచి, తను దానం చేసిన నాణెం ఫోన్ మీద రెండుసార్లు టక్, టక్‌మంది.