గూట్లోకి దిగిన గురువు

తుమ్మచెట్టు మీద ముసలి గిజిగాడు కుర్రపక్షులకు గూడు అల్లడం నేర్పేవాడు. నేర్పడమంటే, పైకొమ్మ మీద కూర్చుని "బాగాలేదు, విప్పి మళ్లీ అల్లు" అనడమే.

ఈసారి ఒక కుర్ర గిజిగాడు విప్పలేదు.

"ఎక్కడ బాగాలేదో చెప్పండి గురువుగారూ, అక్కడే విప్పుతాను."

"మా గురువుగారు నాకు చెప్పారా?"

"చెప్పి ఉంటే మీ గూడు ప్రతి గాలివానకూ ఊడిపడేది కాదు. ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి."

ముసలి గిజిగాడు ఈకలు ఉబ్బించుకుని కాసేపు కూర్చుని, చివరికి దిగాడు. గూట్లో దూరి ఒక్కో పోచా లాగి చూశాడు.

"ఇదిగో, ఈ ముడి వదులు," లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఈ మలుపు మాత్రం నాకూ తెలీదు. నువ్వూ రా, ఇద్దరం చూద్దాం."

బయట మిగతా కుర్రపక్షులు అప్పటికే వరస కట్టాయి.