టేకు తలుపు

శౌరమ్మ మొగుడు జక్కయ్య దేన్నయినా వేలి కణుపుతో కొట్టి చూడందే నమ్మడు. కొబ్బరికాయనీ, కుండనీ అంటే సరే. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూర్చోమన్న కుర్చీని కూడా కొట్టి చూసి మరీ కూర్చున్నాడు. అలాంటివాణ్ణి జనం ఓట్లేసి మునిసిపల్ కౌన్సిలర్ని చేశారు. మునిసిపాలిటీ వాళ్ళు అంతకంటే తెలివిగా, కాంట్రాక్టర్ల బిల్లులు చూసే కమిటీలో వేశారు. ఆ పుణ్యమా అని ఇప్పుడు, మిట్టమధ్యాహ్నం, బస్టాండు పక్కన కొత్తగా కట్టిన ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో శౌరమ్మ ఇరుక్కుపోయింది.

"ఏమండీ, తలుపు రావటం లేదండీ!"

"సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోందా?" అన్నాడు జక్కయ్య బయటనుంచి.

"వెలుతురు సంగతి తరవాత. ముందు నన్ను బయటికి రానివ్వండి."

"అడిగినదానికి చెప్పవేం? టేకయితే సందులుండవు. మామిడి చెక్కయితే ఉంటాయి."

"సందూ లేదు, గొందీ లేదు. గాలి కూడా లేదు."

కాంట్రాక్టరు తిరుపతిరావు పకపకా నవ్వాడు. "విన్నారుగా జక్కయ్య గారూ! తమరు తనిఖీకి వస్తున్నారని నిన్న సాయంత్రం ఇంకో పూత రంగు వేయించాను. పచ్చి రంగు కదండీ, గుమ్మానికి అతుక్కుపోయింది."

టేకని బిల్లు రాసి మామిడి చెక్క పెట్టాడని జక్కయ్య అంతకుముందు కౌన్సిల్లో బల్ల గుద్ది చెప్పాడు. ఒక్క తన్ను తంతే విరుగుతుందన్నాడు. బిల్లు ఆగిపోయింది. బిల్లు రాందే తాళం తియ్యనని తిరుపతిరావు కూచున్నాడు. మధ్యలో కూరగాయలమ్ముకునే ఆడవాళ్ళు ఎప్పట్లాగే కాలవగట్టు చాటుకి పోతున్నారు. ఆడవాళ్ళ దొడ్డిలోకి మగాడు వెళ్తే బాగుండదని, లోపలికెళ్ళి తలుపు గట్టిగా లాక్కుని చూడమని జక్కయ్య పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గట్టిగానే లాక్కుంది.

"ఒక్క తన్నుకే విరుగుతుందన్నారుగా, తన్నండి మరి," అన్నాడు తిరుపతిరావు.

జక్కయ్య తన్నాడు. లోపల శౌరమ్మ నెత్తిమీద ఏదో రాలింది. బల్లేమోనని దులుపుకుంది. జక్కయ్య మళ్ళీ తన్నాడు. తలుపు కిమ్మనలేదు. జక్కయ్యే "అమ్మో" అన్నాడు.

"కాలు జాగ్రత్తండి. అది మామిడి చెక్క కాదుగా," అన్నాడు తిరుపతిరావు.

పచ్చి రంగు వాసనకి శౌరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతున్నాయి. నెత్తిమీద రేకులు పెనంలా కాలుతున్నాయి. "ఎవరైనా వడ్రంగిని పిలిపించండి, కోసేస్తాడు!" అని అరిచింది.

"ఒక్క కేకేస్తే వస్తాడమ్మా. కానీ వాడు కోసేశాక ఇది గట్టి తలుపని నేనెలా రుజువు చేసుకునేది? జక్కయ్య గారు పని బాగుందని ఈ కాయితం మీద ఓ సంతకం పడేస్తే, ఆ మరుక్షణం కోయించేస్తాను."

"నేను పెట్టను," అన్నాడు జక్కయ్య.

"మీ ఇష్టం. నాకేం తొందర లేదు. లోపలున్నది మా ఆవిడ కాదు."

వంకాయల గంప దింపుకుని తమాషా చూస్తున్న సీతారావమ్మ అందుకుంది. "పెట్టెయ్యండి బాబుగారూ. తలుపు ఏ చెక్కదైతే మాకేమండీ? చాటుంటే చాలు. పాపం, అమ్మగారు లోపల ఉడికిపోతా ఉంటే!"

బెజవాడ బస్సు కదిలిపోయిన చప్పుడు వినిపించింది.

"శౌరీ," అన్నాడు జక్కయ్య. "ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది... కొంచెం కొంచెం."

"సరే. ఇటివ్వండి ఆ కాయితం. మీరొచ్చిన ఆ రిక్షా సీటు మీద పెట్టుకుని రాస్తాను."

ఆయన గొంతు అంత చిన్నదవటం శౌరమ్మ ఇన్నేళ్ళ కాపరంలో వినలేదు. వేలెడు కరివేపాకు కొసరు దగ్గర కూడా తగ్గని మనిషి, నమ్మని దానికింద పేరు రాయబోతున్నాడు. అదీ తనకోసం. ఆవిడకి ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"ఆగండి, సంతకం పెట్టకండి!" అని అరిచి, కొంగు నడుముకి దోపుకుంది. వెనకగోడకి వీపు ఆనేదాకా జరిగి, ఉన్న బలమంతా భుజంలోకి తెచ్చుకుని, వెళ్ళి తలుపుని గుద్దింది.

పిడుగు పడ్డట్టయింది. బస్టాండంతా దుమ్ము లేచింది.

దుమ్ము తగ్గేసరికి శౌరమ్మ ఎండలో నిలబడి ఉంది. పక్కగోడల మీద రేకులు ఇంకా ఊగుతున్నాయి. ముందుగోడ మాత్రం లేదు. దాని ఇటుకలు పంపకాలయిన అన్నదమ్ముల్లా ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా రోడ్డుమీద పడి ఉన్నాయి. వాటి మధ్య ఉత్త ఇసక. సర్కారు పర్మిటు మీద తెచ్చిన సిమెంటు బెజవాడలో ఎవరి మేడకి ఎక్కిందో ఆ తిరుపతిరావుకే తెలియాలి. ఆయన మెల్లిగా రిక్షా ఎక్కబోయాడు గానీ, సీతారావమ్మ గంప అడ్డం పెట్టింది.

జక్కయ్య పరుగున వచ్చి శౌరమ్మని ఆపాదమస్తకం చూసుకున్నాడు. దెబ్బేమీ తగల్లేదని రూఢి చేసుకున్నాక, రోడ్డుమీద వెల్లకిలా పడ్డ తలుపు వైపు తిరిగాడు. గుమ్మంతో సహా ఊడి వచ్చిన ఆ తలుపు మీద ఒక్క పగులు లేదు, ఒక్క బీట లేదు. చుట్టూ తిరిగి చూసి, కలానికి మూత పెట్టుకున్నాడు.

"తప్పు నాదేనండీ తిరుపతిరావు గారూ," అన్నాడు అందరూ వినేట్టు. "ఇది టేకే."