రెండు గంటలకి పునాది

రేడియోలో రెండు గంటలైందని చెప్పగానే ఊరిపెద్ద ఎంబోనియా కొమ్ము ఊదించాడు. కొమ్ము మోగిందంటే పారే అనే ఈ కొండల్లో ఇంటికొకరు పనిముట్టు పట్టుకుని రావాల్సిందే. రాకపోతే నలుగురిలో తలెత్తుకోలేరు.

నకీజ్వా అందరికంటే ముందే పార భుజాన వేసుకుని వచ్చేసింది. ఆమె తొందర ఆమెది. తొమ్మిదేళ్ళ కూతురు అనెతి ఇంకా బడి మొహం చూడలేదు. బడి వాగు అవతల ఉంది. వానాకాలంలో ఆ వాగు చూస్తే పెద్దవాళ్ళకే గుండె జారిపోతుంది.

ఇన్నాళ్ళకి ఊళ్ళోనే రెండు గదుల బడి కడతామని విదేశీ కుర్రాళ్ళు కొందరు వచ్చారు. సిమెంటు, రేకులు వాళ్ళవి. పునాది తవ్వే చేతులు ఊరివి. పిలిచినప్పుడు జనం మూడుసార్లు రాకపోతే ఆ గదులు పక్క ఊరికి పోతాయి. ఒప్పందం అదీ.

ఇది మూడో గురువారం. కుర్రాళ్ళ జాడ లేదు.

"మీ దొరబాబు ఇవాళైనా దిగుతాడా, ఇంకా అద్దం ముందే ఉన్నాడా?" అంది పక్కింటి జైనబు.

"నా దొరేంటే? నేనేమన్నా కన్నానా వాణ్ణి?"

అందరూ నవ్వారు. నకీజ్వాకి మాత్రం నవ్వు రాలేదు. ఆ డెన్మార్క్ కుర్రాడు రాస్ముస్‌ని మొదటిరోజు నెత్తిన పెట్టుకున్నది తనే. దేశంలో కాలుపెట్టి నెల తిరక్కుండానే వాడు ఊరందరి ముందు నిలబడి స్వాహిలీలో మాట్లాడాడు.

"ప్రతి గురువారం రెండు గంటలకి పని. కొలతాడు నేను తెస్తాను. నేను గుర్తులు పెట్టేదాకా ఎవరూ తవ్వకండి."

దుబాసీ లేకుండా చెప్పాడు! ఊరంతా చప్పట్లు కొట్టింది. "మన కడుపున పుట్టినట్టే మాట్లాడుతున్నాడే!" అని నకీజ్వా మురిసిపోయింది. ఇప్పుడు ఆ నోరే తన బిడ్డ నోట్లో మట్టి కొట్టేలా ఉంది.

మూడైంది. నాలుగైంది.

"మొక్కజొన్న మన కోసం ఆగుతుందా?" అంటూ ఆడవాళ్ళు లేచి పొలాలకి పోయారు. మగవాళ్ళు వాళ్ళ వెనకే నడిచారు. ఎంబోనియా ఐదింటి దాకా ఒక్కడే కూర్చుని, తుపుక్కున ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మొదటి రెండు వారాలూ ఇదే తంతు. పైగా జనం పొలాల్లో పడ్డాక మోటారుసైకిలు వచ్చి వెళ్ళిందని మేకలు కాసే ముసలాయన చెప్పాడు. "ఒక్కడే రాతి మీద కూర్చుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు" అన్నాడు.

"వచ్చేదేమో తన చిత్తం వచ్చినప్పుడు. మళ్ళీ గడియారం కూడానా!" అంది నకీజ్వా.

సోమవారం ఉత్తరం వచ్చింది. ఎంబోనియా పైకి చదివాడు. "మూడుసార్లు పిలిచినా ఒక్కరూ రాలేదు. మీ ఊరికి బడి మీద ఆసక్తి లేదని అర్థమైంది. గదులు పక్క ఊరికి ఇస్తున్నాం."

నకీజ్వాకి ఒళ్ళు మండిపోయింది.

"ఒక్కరూ రాలేదా? మరి అక్కడ కూర్చున్న మేమంతా ఎవరం, మేకలమా?"

మర్నాడు ఆమె కొండ దిగి, కింద సంత ఊళ్ళో వాళ్ళ ఆఫీసు తలుపు తోసింది. రాస్ముస్ టీ తాగుతున్నాడు. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది.

"ఏం నాయనా, అబద్ధాలు రాయడానికేనా నువ్వు చదువుకుంది?"

రాస్ముస్ కప్పు కింద పెట్టాడు. "అబద్ధమా? మూడు వారాలూ సరిగ్గా రెండింటికి వచ్చాను, అనెతి వాళ్ళమ్మా. చీకటి పడేదాకా కూర్చున్నాను. మీలో ఒక్కరైనా కనబడ్డారా? మొదటి వారమే మావాళ్ళు ఈ ఊరు వదిలెయ్యమన్నారు. నేనే బతిమాలి మూడోదాకా లాక్కొచ్చాను."

"రెండింటికి ఊరు ఊరంతా అక్కడే పడి ఉంది కదా! మరి నువ్వెక్కడ కూర్చున్నావ్, గాల్లోనా?"

"మరి మీరెక్కడున్నారు, భూమిలోనా?"

నకీజ్వా వాడి కళ్ళలోకి చూసింది. ఇంత లేత మొహం పెట్టుకుని ఇంత పచ్చి అబద్ధం ఎలా ఆడుతున్నాడో ఆమెకి అర్థం కాలేదు. అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది.

"నా పిల్లకి తొమ్మిదేళ్ళు బాబూ. ఈ వానాకాలం కూడా పోతే ఇంక అది బడికి పోదు. మేకల వెనకే పోతుంది. మా మీద కోపం దాని మీద తీర్చుకోకు."

బల్ల మీద పక్క ఊరి పేరు రాసిన కాగితం ఉంది. రాస్ముస్ దాన్ని తీసి సొరుగులో పెట్టాడు.

"ఇది రేపు పట్నం పోవాలి. ఈలోగా ఇంకొక్కసారి వస్తాను. ఇవాళే, రెండింటికి. అందర్నీ పిలవండి. ఈసారి కూడా ఎవరూ లేకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు."

నకీజ్వాకి మిగిలిన కాస్త ఓపికా చచ్చిపోయింది.

"ఇవాళ రెండింటికా? ఇంకా ఎక్కడి రెండు? ఏడుస్తున్నదానితో ఎకసెక్కాలా నీకు? కళ్ళు పెట్టుకు చూడు, రెండు ఇప్పుడేగా అయింది!" అంటూ గోడ మీదికి వేలు చూపించింది.

గోడ గడియారంలో చిన్నముల్లు ఎనిమిది మీద ఉంది, పొద్దు పొడుపు నుంచి గంటలు లెక్కపెట్టే ఆ కొండల మీద సరిగ్గా రెండు గంటలైంది.