క్వారీ అంచున కేక

ఆ రోజు వాడు అరిచాడా, అరవలేదా?

ఏళ్ళుగా డ్రోన్ పైలట్ మనసులో నలుగుతున్న అనుమానం అది. అప్పుడూ ఇలాంటి రాతి క్వారీ సర్వేనే. అతని కళ్ళు ఆకాశంలో, అడుగులు వెనక్కి వెనక్కి. అంచు దగ్గరపడితే కేక వేసి ఆపాల్సిన మనిషి స్వయానా బావమరిది. పైలట్ గోతిలో పడ్డాడు. ప్రాణం దక్కింది.

"అరిచాను బావా, ఒట్టు" అని బావమరిది అప్పుడే ఏడ్చాడు. "అవునురా, అరిచావు" అన్న ఒక్క మాట పైలట్ నోట రాలేదు. ఆ మాట అలాగే బాకీ పడిపోయింది. తెలియనిది తెలిసినట్టు చెబితే దేవుడు ఒప్పుకోడు. పోనీ నిజమేదో చెప్పమని రోజూ దణ్ణం పెట్టి అడిగితే, ఆయనా చెప్పడు.

"ఎగిరింది బావా. కనిపిస్తోందా?" చెవిలో బావమరిది గొంతు.

పనివేళ ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకుంటారు. డ్రోన్ నడపడం పైలట్ వంతు. దాని మీంచి చూపు తిప్పకుండా కాపుకాయడం బావమరిది వంతు. భార్య పొద్దున్నే పనికి వెళ్ళిపోతుంది. సర్వే లేని రోజున పైలట్‌కి సాయంత్రం దాకా పలకరించే దిక్కుండదు.

"కనిపిస్తోంది. నడుముకి తాడు కట్టుకున్నావా?"

"కట్టుకున్నా మహాప్రభో! మా అక్క కూడా ఇన్నిసార్లు అడగదు. నీకు లేని తాడు నాకెందుకో?"

"నేనిక పడనులేరా. నీ సంగతి చూసుకో."

"ఎండ మాడు పగలగొడుతోంది బావా."

"టోపీ పెట్టుకో. ఉన్న నాలుగు వెంట్రుకలూ మాడిపోగలవు."

"అంటావు, అంటావు. నీడపట్టున ఉన్నవాడివి."

డ్రోన్ బాగా ఎత్తుకి, ఎండ వెలుగులోకి పోయింది. తెరమీద గొయ్యి, రాళ్ళు, అంచున చీమంత మనిషి. డ్రోన్ కనబడక మెడ నిక్కించి వెనక్కి నడుస్తున్నాడు. పైలట్ కెమెరాలో దగ్గరికి లాగి చూశాడు. నడుముకి తాడు లేదు.

"ఆగరా! వెనక గొయ్యి!"

ఆగలేదు. టోపీ పెట్టుకునేటప్పుడు ఊడిన ఇయర్‌ఫోన్ భుజం మీద వేలాడుతోంది.

"ఒరేయ్, ఆగు!" గొంతు చీలేలా అరిచాడు. ఆ కేక విన్నది అతనొక్కడే.

ఇంకో అడుగు వెనక్కి పడింది.

మనిషి దగ్గరికి డ్రోన్ తేకూడదన్నది ఈ పనిలో నేర్పే మొదటి పాఠం. పైలట్ దేవుడి మీద భారం వేసి, దాన్ని గోతిలోకి దించి, సరిగ్గా బావమరిది వీపు వెనక పైకి లేపాడు. తేనెపట్టు కదిలినట్టు రొద. బావమరిది ఉలిక్కిపడి తిరిగాడు. అంచు చూశాడు. ఉన్నచోటే కూలబడ్డాడు.

కాసేపటికి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు.

"తాడు కట్టుకోలేదు బావా. అబద్ధం చెప్పాను."

"చూశాను."

"అంత దగ్గరికి తెచ్చావేంటి? రెక్క తగిలితే నా మొహం ఏమయ్యేది? ఒక్క కేక వేస్తే పోయేదిగా!"

"వేశానురా. రెండుసార్లు."

"నాకు వినపడలేదే!"

ఫోన్లో క్వారీ క్రషర్ ఆగకుండా రాళ్ళు నములుతోంది. ఆ రోజూ ఇలాగే నమిలింది. నోరూ చెవీ ఇచ్చిన దేవుడే మధ్యలో ఈ రొదనెందుకు పెట్టాడో.

"నువ్వూ అరిచావురా ఆ రోజు. నాకే వినపడలేదు."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"డ్రోన్ దించెయ్ బావా. నేనొస్తున్నా. అక్కడే ఉండు."

"ఎక్కడికి పోతాన్రా?"

గోతిలో పడ్డ రోజు నుంచీ అతను మంచం దిగలేదు.