రెండు చుక్కలు

"ఒహాయో అండీ!"

కనాయె ఆ వారంలో ఆయన్ని ఇలా పొద్దున్నే పలకరించడం అది ఐదోసారి.

అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఊడుస్తున్న కేర్‌టేకర్ ఉత్సుగి గారు తలెత్తి చూశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి కాబోలు," అంది పక్క ఫ్లాటు హోరియె, చెత్త సంచీ పట్టుకుని.

"మొదట్నుంచీ ఇంతేనా ఈయన?"

"మునుపు బాగానే ఉండేవాడమ్మా. ఈ రెండేళ్లలోనే పొగరెక్కింది."

పలకరిస్తే బదులు పలకని మనిషిని జపాన్‌లోని ఈ సెందాయ్ ఊళ్లో ఎవరూ క్షమించరు. కనాయె ఆ సాయంత్రమే మేనేజ్‌మెంటు కంపెనీకి ఉత్తరం రాసింది. 'నవ్వడు. పలకరిస్తే జవాబివ్వడు. నడిచేటప్పుడు కుడి చెయ్యి కూడా ఊపడు, అంత బిగువు.'

అంతస్తులో అందరూ సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా ఆయన్ని తీసేశారు.

కనాయె పనిచేసేది ఆస్పత్రిలో, మెదడు స్కాన్ తీసే గదిలో. పార్కిన్సన్స్ అవునో కాదో డాక్టర్లకు తేలనప్పుడు రోగుల్ని అక్కడికి పంపుతారు. మందు ఎక్కించి, మూడు నాలుగు గంటలాగి ఫొటో తీస్తే మెదడు మధ్యలో రెండు వెలుగులు కనిపిస్తాయి. కామాల్లా ఉంటే భయం లేదు. తోకలు రాలిపోయి చుక్కల్లా మిగిలితే, డాక్టరు అనుమానం నిజమైనట్టే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం జాబితాలో ఆ పేరు కనబడింది. ఉత్సుగి, అరవై ఎనిమిదేళ్లు.

టోపీ, మాస్కు ఉండటంతో ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. వెంట వచ్చిన భార్య నడుం వంచి దండం పెట్టింది.

"అమ్మా, ఫొటోలో జబ్బు కనపడుతుందంటారా?"

"అది డాక్టరు గారు చెప్తారండీ."

"కనపడితే బాగుండు. మొగుడికి జబ్బుండాలని కోరుకునే పెళ్లాన్ని నేనొక్కదాన్నేనేమో! పదిహేనేళ్లు చేసిన పని. పొగరుబోతని గెంటేశారు. పొగరు కాదు, జబ్బేనని ఒక్క కాగితం వస్తే చాలు. తీసుకెళ్లి వాళ్లందరికీ చూపిస్తాను."

కనాయె ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి తలకు పట్టీ బిగించింది.

"అరగంట కదలకూడదండీ."

ఆయన పెదవులు కదిలాయి. ఆమె వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"కదలకుండా ఉండటం నాకు బాగా వచ్చమ్మా."

ఆయన గొంతు ఆమె వినడం అదే మొదటిసారి. అది జోకు. ఆమెకు నవ్వు రాలేదు.

తెర మీద బొమ్మ మెల్లగా తేలింది. రెండు చుక్కలు.

నవ్వని మొహం, లేవని గొంతు, ఊగని చెయ్యి. ఉత్తరంలో తను రాసినవన్నీ లక్షణాలే. రోజూ ఇవే రోగుల్లో చూస్తూ, వాకిట్లో మనిషిని పోల్చుకోలేకపోయింది. దీపం కింద చీకటంటే అదే. సిగ్గుపడాలని ఆమెకు తెలుసు. సిగ్గు కూడా రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. తర్వాతి రోగిని పిలిచింది.

ఆదివారం పొద్దున భూమి కొద్దిగా కంపించింది. గిన్నెలు గలగలలాడి ఆగాయి. ఆగీ ఆగకముందే ఆమె 503 ఫ్లాటు తలుపు దబదబా మోగింది.

కొత్త కేర్‌టేకర్ నెజు. కింది గదిలోంచి ఐదు అంతస్తులూ చెప్పుల్లేకుండా ఎక్కి వచ్చింది. ఆయాసపడుతూ, చేతులు తిప్పుతూ అరుస్తోంది.

"బా...గు...న్నా...రా?"

"బాగానే ఉన్నానండీ. ఎందుకలా అరుస్తారు?"

నెజు తెల్లబోయింది. "మీకు వినపడుతుందా?"

"వినపడక?"

"మరి పాతాయన అప్పగింతల పుస్తకంలో ఇలా రాసిపెట్టాడే!"

నెజు చంకలోని పుస్తకం తెరిచి చేతికిచ్చింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, పోనుపోను ఇంకా చిన్నవైపోయాయి. కనాయె పుస్తకాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చదివింది.

'503లో అమ్మాయి రోజూ నన్ను పలకరిస్తుంది, నేనూ రోజూ బదులు చెప్తాను, పాపం ఆమెకు వినపడదు. భూకంపం వస్తే సైరన్ కూడా వినపడదు కనుక, అందరికంటే ముందు ఆ తలుపు కొట్టండి.'