మేడ మీది టేబుల్

సూప్ ఇంకా చల్లారలేదు. ఫోన్‌లో సందేశం వచ్చి వాలింది.

"మీరు ఎంపికయ్యారు. రేపు ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చి చేరగలరు."

ఆమె రెండుసార్లు చదువుకుంది. మూడోసారి పెదాలు కదుపుతూ చదువుకుంది. చేతిలో చెంచా ఉందన్న సంగతి మర్చిపోయి, ఆ చేత్తోనే జుట్టు సవరించుకుంది.

ఎవరికైనా చెప్పాలి. ఇక్కడే, ఇప్పుడే, సూప్ మీద ఆవిరి ఆరిపోయేలోపు.

తలెత్తింది. ఎదుట ఖాళీ కుర్చీ. దాని వెనక, గోడవారన ఉన్న టేబుల్ దగ్గర ఎవరో ముసలి దంపతులు. ఒక్క ఐస్‌క్రీమ్ కప్పు మధ్యన పెట్టుకుని, వంతులవారీగా తింటున్నారు. ఆమె చూపు దించేసుకుంది.

ఆ హోటల్‌కి నెలన్నరగా వస్తోంది. రోజూ ఒంటిగంటంబావుకి, ఒక్కతే. పని రోడ్డవతల బీమా ఆఫీసులో. ఆ వేళకి హోటల్లో సగం మెడల్లో ఆ ఆఫీసు కార్డులే వేలాడుతుంటాయి. వాళ్లంతా గుంపుగా కూర్చుని, ఒకరి ప్లేట్లోది ఒకరు లాక్కుని తింటారు. మొదట్లో ఆమెని కూడా పిలిచేవాళ్లు. పుస్తకం చదువుకోవాలంటూ తప్పించుకునేది. నెలన్నరగా అదే పుస్తకం, అదే పేజీ. అది మొదట కనిపెట్టింది సర్వర్.

నడివయసు మనిషి. మాట కరుకు, మనసు వెన్న. రెండో వారంలోనే అడిగేశాడు.

"పెళ్లయిందా అమ్మా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నెల కూడా కాలేదన్నా."

"మరి ఆయనేడీ? కొత్తలో అయినా కొంగు పట్టుకుని తిరగొద్దూ?"

"ఆయనా బయటే తింటారు. ఒక్కరే."

"సాయంత్రం ఇంటికెళ్లాకైనా..."

"ఇల్లింకా తీసుకోలేదు. నేను హాస్టల్లో, ఆయన స్నేహితుల గదిలో."

"మీరో చోట, ఆయనో చోట. ఇదేం కాపురం తల్లీ?"

"వేరే ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నా. అది వస్తే అన్నీ సర్దుకుంటాయి." అని నవ్వింది. నవ్వింది గానీ, ఆ పూట అన్నం సగం అలాగే వదిలేసింది.

ఆ రోజునుంచీ సర్వర్‌కి ఆమె అన్నం మీదే కన్ను. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంటే ముద్ద దిగదని దాన్ని తీసేయబోయాడు. "ఉండనీ అన్నా," అంది. ఆ కుర్చీ ఎవరైనా అడిగితే మాత్రం ఆమె కాదనలేదు. వారంలో మూడు రోజులు అది పక్క గుంపులోకి వెళ్లిపోతుంది. అప్పుడు ఆమె ఎదుట గచ్చు మీద నాలుగు కుర్చీకాళ్ల గీతలే మిగులుతాయి.

దానికి తోడు ఆ కళ్లజోడొకడు.

పేరు తెలియదు గనక సర్వర్ అలాగే పిలుస్తాడు. వాడి మెడలోనూ అదే ఆఫీసు కార్డు. గోడవారన, ఆమెకి అభిముఖంగా కూర్చుంటాడు. కూర వడ్డించగానే లేచి వస్తాడు.

"ఉప్పు తీసుకోవచ్చాండీ?"

"తీసుకోండి."

వాడి టేబుల్ మీద ఉప్పు లేక కాదు. ఒకరోజు ఎడమచేతిలో తన ఉప్పుడబ్బా పట్టుకునే వచ్చి, ఈ ఉప్పు అడిగాడు. సర్వర్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఆడపిల్ల ఒంటరిగా కనబడితే చాలు," అన్నాడు వంటగదిలోకి వెళ్లి, "వీళ్లకి కూరల్లో ఉప్పు తగ్గిపోతుంది."

"నా కూరకేం వచ్చింది?" అని కసిరాడు వంటాయన.

ఇవాళ సూప్ గిన్నె తీయడానికి వచ్చిన సర్వర్ ఆగిపోయాడు. గిన్నె నిండుగానే ఉంది. ఆమె కళ్లు కూడా.

"ఏమైందమ్మా?"

"ఉద్యోగం వచ్చిందన్నా. రెండు వీధుల అవతలే. రేపే చేరమన్నారు."

"మంచి కబురే కదా. దానికీ ఏడుపేనా?"

"చెబుదామని తలెత్తాను. ఎవరూ లేరు."

"మీ ఆయనకి ఫోన్ చెయ్యండి."

"ఫోన్లో కాదు. మొహం చూస్తూ చెప్పాలి. నెలన్నరగా ఈ ఒక్క మాట కోసమే..."

సర్వర్ తన వంతు ఊరటగా, వంగి రహస్యం చెప్పాడు. "ఇవాళ మీ తరఫున ఓ మంచి పని చేశాన్లే. ఆ కళ్లజోడుని మేడెక్కించా. పైన చల్లగా ఉంటుంది సార్ అని చెప్పి, టేబుల్ మీద మూడు ఉప్పుడబ్బాలు పెట్టి వచ్చా. ఇంక వాడికి రోజూ అక్కడే."

ఆమె మెట్లకేసి చూసింది. "ఏమన్నారు?"

"ఏమంటాడు? కిందే కూర్చుంటానని కాసేపు బతిమాలాడు. నేను వింటానా?"

ఆమె చెంగుతో కళ్లొత్తుకుంది. ఆఫీసు గుంపు బిల్లు కట్టి, నవ్వుకుంటూ బయటికి వెళ్లేదాకా కదల్లేదు. ఆఖరి మనిషి వెనక తలుపు మూసుకున్నాక బ్యాగు తెరిచింది. పది రోజులుగా మడతలోనే నలుగుతున్న రాజీనామా కాగితం తీసి, ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో సాపు చేసింది.

"సాయంత్రం ఇది ఇచ్చేస్తా," అంది. "రేపు ఒంటిగంటంబావుకి ఈ టేబుల్ ఇద్దరికి ఉంచన్నా. ఆ కుర్చీ ఎవరడిగినా ఇవ్వొద్దు."

"మీ ఆయన వస్తున్నాడా?" సర్వర్ మొహం విప్పారింది. "పాపం, ఎంత దూరం నుంచి రావాలో."

"దూరమేం లేదన్నా, మొగుడూ పెళ్లాం ఒకే ఆఫీసులో ఉండకూడదన్న రూలు రేపట్నుంచి మాకు అడ్డుండదు, నువ్వు మేడెక్కించినాయన్ని కిందికి దింపితే చాలు."