కొట్టివేతలు

“కొట్టెయ్,” అంది కనిషాయ్.

ఎదురుగా కూర్చున్న తాలాయ్ బిక్కమొహం వేశాడు. చదివింది నాలుగే నాలుగు వాక్యాలు. అప్పుడే మూడింటికి ఎసరొచ్చింది.

కరకోల్‌లో పిల్లల కథలు రాయాలని ఎవరికి బుద్ధి పుట్టినా, శనివారం మధ్యాహ్నం కనిషాయ్ గుమ్మం ఎక్కాల్సిందే. నలభై ఏళ్ళుగా పిల్లల పుస్తకాలు రాస్తున్న మనిషి. ఊరంతా ఆవిడను ఎజె అంటుంది, సొంత అక్కను పిలిచినట్టు. వచ్చినవాళ్ళు కథ పైకి చదవాలి, ఆవిడ వినాలి. పెన్సిలు చేతిలోకి తీసుకుందంటే ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. ఈ ముప్ఫయ్యేళ్ళవాణ్ణి మాత్రం ఆవిడ ఇదివరకు చూడలేదు.

కథ ఒక గుర్రప్పిల్లది. కనుమ మీదికి వెళ్ళింది, తిరిగి రాలేదు. కింద లోయలో తల్లి గుర్రం ఎదురుచూస్తోంది. మధ్యలో బోలెడంత వెన్నెల, బోలెడన్ని మబ్బులు.

“వెన్నెల ఎవడిక్కావాలి నాయనా? గుర్రప్పిల్లకేమైందో చెప్పు. అసలు ఎవరి కోసం రాస్తున్నావు? పిల్లలందరి కోసం అన్నావంటే లేచి వెళ్ళిపో. ఒక్కరిని మనసులో పెట్టుకుని రాయాలి.”

“ఒక్కరి కోసమే ఎజె,” అన్నాడు తాలాయ్. “చావు కబురు చెప్పాలి. ఇవాళే చెప్పాలి. నా వల్ల కాదంటే పెద్దవాళ్ళు వినలేదు. సూటిగా అనెయ్యకు, కథ చేసి చెప్పు అన్నారు.”

కనిషాయ్ పెన్సిలు పక్కన పెట్టింది. ఆవిడ ఎరగని ఆచారమా? కిర్గిజ్‌లలో చావు కబురు ఎవరూ మొహాన చెప్పరు. కొమూజ్ తీగలు మీటో, గుర్రం మీదో డేగ మీదో పెట్టి కథ అల్లో చెబుతారు. పెద్దవాళ్ళకైతే సగంలోనే తెలిసిపోతుంది. పసిబిడ్డకు ఏం తెలుస్తుంది? ఆ బిడ్డ ఎవరో గానీ, తలుచుకుంటేనే ఆవిడకు కడుపు తరుక్కుపోయింది.

ఎన్నేళ్ళ బిడ్డ అని అడిగింది. తాలాయ్ తల ఎత్తలేదు. చెప్పలేకపోతున్నాడు పాపం అనుకుని, టీ పోసి, రొట్టె ముందుకు జరిపింది. ఆ ఇంట్లో రొట్టె ముక్క నోట్లో వేసుకోకుండా వెళ్ళినవాళ్ళు లేరు. అతను ముట్టలేదు. కిటికీలోంచి చూస్తే గేటు బయట కారు ఆగి ఉంది. అందులో ఇద్దరు ముసలాళ్ళు, ఒక ఆడమనిషి. చలికి కొయ్యబారిపోతారు, లోపలికి పిలవమంది. కథ అయ్యాక వాళ్ళే వస్తారన్నాడు.

“అయితే కానివ్వు. ఈ తల్లి గుర్రం గోల మరీ ఎక్కువైంది. పిల్లలకు గుర్రప్పిల్ల కావాలి గానీ, తల్లి బాధ వాళ్ళకెందుకు? తీసెయ్.”

“అది తీయడం కుదరదు ఎజె.”

మొండిఘటం అనుకుని, అక్కడికి వదిలేసింది. చివరి వాక్యం దగ్గర మాత్రం వదల్లేదు. గుర్రప్పిల్ల ఎప్పటికీ ఎండిపోని పచ్చిక బయలుకు వెళ్ళిపోయింది, అని అతను చదవగానే ఆవిడకు ఒళ్ళు మండింది.

“వెళ్ళిపోయింది అని మాత్రం రాయకు. మా అబ్బాయి సంజర్‌కు ఏడేళ్ళప్పుడు వాడి కుక్క చచ్చిపోయింది. గొర్రెలతో కొండకెళ్ళిందని చెప్పాను. వేసవంతా వాడు గేటు దగ్గరే కూర్చున్నాడు. మంద దిగొచ్చింది, కుక్క రాలేదు. ‘చచ్చిపోయిందని చెప్పుంటే ఒక్కసారే ఏడ్చేవాణ్ణి కదమ్మా’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో దిగబడే ఉంది. వెళ్ళిపోయిందంటే ఎదురుచూస్తారు నాయనా. ఏడుపు కన్నా అది పెద్ద నరకం. చచ్చిపోయింది అని రాయి.”

తాలాయ్ కొట్టేసి రాశాడు. కాగితం మీద టప్‌మని ఒక చుక్క పడింది. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. మనసున్నవాడే, పనికొస్తాడు అనుకుంది.

“ఇంకొకటి. పేరు లేని గుర్రప్పిల్ల కోసం ఎవరూ ఏడవరు. పేరు పెట్టు. వాళ్ళు ఏడుస్తారేమోనని నువ్వు నసుగుతూ కూర్చోకు, ఏడవనీ. చెప్పేసి పారిపోకు, పక్కన కూర్చో. నాకు తెలిసింది ఇంతే.”

“పేరుంది ఎజె.”

“అయితే పెట్టి చదువు. కాగితంలోకి కాదు, కళ్ళలోకి చూసి చెప్పు.”

తాలాయ్ లేచాడు. ఇంత వెచ్చటి గదిలోనూ ఇందాకటినుంచి విప్పని చలికోటు అప్పుడు విప్పాడు. లోపల నారింజ రంగు జాకెట్టు. కనుమ మీద మంచు తీసే బండ్లు నడిపేవాళ్ళది. అలాంటిదే పోయిన నెల భుజం దగ్గర చిరిగితే కనిషాయ్ తన చేత్తో కుట్టి సంజర్‌కు ఇచ్చింది.

“మా వాడితో పనిచేస్తావా? ముందే చెప్పొచ్చు కదా…”

బయట కారు తలుపులు తెరుచుకున్నాయి. గేటు కిర్రుమంది. తాలాయ్ కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని, కళ్ళలోకి చూశాడు.

“సంజర్ చచ్చిపోయాడు ఎజె.”